ఎగువ ఇంటి వాన

“నా పంటంతా వాగులో కలిపేశావు కదా వదినా! నీకు నేనేం అపకారం చేశాను?”

ఆడపడుచు గుమ్మంలో నిలబడి అలా అరిచేసరికి, వంటింట్లో గిన్నెలు కడుగుతున్న కోడలు ఉలిక్కిపడింది. చెయ్యైనా తుడుచుకోకుండా పరుగున వచ్చింది. ఎదురుగా ఆడపడుచు! మోకాళ్ల దాకా ఎండిన బురద, చెదిరిన జుట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయిన కళ్లు... పుట్టింటికి ఎప్పుడొచ్చినా నవ్వుతూ, తుళ్లుతూ వచ్చే పిల్ల ఇలా వస్తుందని కలలోనైనా అనుకున్నారా ఎవరైనా!

“బుల్లీ! ఏమైందే తల్లీ?” అంటూ అత్తగారు ఒక్క ఉదుటున వచ్చి కూతుర్ని పట్టుకుంది.

“ఏమవ్వాలమ్మా! ఉల్లి పీకి వాగు పక్క చేలో ఆరబెట్టుకున్నాం. నిన్న పొద్దున రేడియోలో ఏం చెప్పారో తెలుసా? ఎగువన వాన లేదు, వాగు పొంగే సూచన లేదు అన్నారు! సరే, ఇంకో రోజు ఆరనిద్దాం అనుకున్నాం. మధ్యాహ్నానికి వాగు వచ్చి పడింది... మా కళ్ల ముందే గడ్డలన్నీ తేలుకుంటూ పోయాయమ్మా! పట్టుకుందామంటే చేతికి అందవే!” చెంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఎగువ కొలత ఎవరిది? ఈ ఇంటిది కాదూ? మీ పెరట్లో ఉన్న వాన డబ్బాది కాదూ?”

అవును, ఈ ఇంటిదే. ఈ ఇల్లు ఉన్నది కొండ వాలులో. ఇక్కడ కురిసిన వానే వాగై దిగువ చేల మీదుగా పోతుంది. అందుకే ఈ పంటకాలం మొదట్లో వాతావరణ కేంద్రం వాళ్లు వచ్చి, పెరట్లో ఒక డబ్బా పాతి, రోజూ పొద్దున్నే అందులో పడ్డ నీటిని గాజు గొట్టంలో పోసి, లెక్క ఫోనులో పంపమని కోడలికి అప్పగించి వెళ్లారు. దిగువనున్న రైతులు ఆ కబురు విని చేలో పని చూసుకునేవారు. కోడలు ఆ పనిని ఎంత భక్తిగా చేసేదో! స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఆ తర్వాతే డబ్బా ముట్టుకునేది. పదిమంది పంట ఆ గొట్టంలో ఉందనుకునేది పిచ్చితల్లి!

మరి అలాంటి కొలత తప్పిందెలా? కోడలికి తెలుసు. అరగంట కిందటే తెలిసింది. అదే ఆమె ప్రాణాన్ని కోసేస్తోంది.

చెల్లెలికి కాన్పు వచ్చిందంటే రెండు రోజులు ఆస్పత్రిలో తోడుండి ఆ పొద్దునే తిరిగొచ్చింది. వెళ్లేముందు “డబ్బా జాగ్రత్త అత్తయ్యా” అంది. కొలత చూసి పంపమని భర్తకు చెప్పింది. అత్తగారికి ఒక అలవాటుంది. ఇంట్లో ఏ వస్తువుకూ మూత లేకుండా ఉండనివ్వదు. పాలగిన్నెకు మూత, నీళ్లబిందెకు మూత, కట్టెల మీద పట్టా, కుట్టుమిషను మీద దుప్పటి! వీధిలో అందరూ ఆవిణ్ని “మూతలమ్మ” అని ముద్దుగా పిలుస్తారు. ఆ మూతలమ్మే కోడలు రాగానే ఎదురొచ్చి, మెచ్చుకోలు కోసం చిన్నపిల్లలా చూస్తూ, “నీ డబ్బాను కంటికి రెప్పలా చూసుకున్నానమ్మాయ్! మొన్న రాత్రి చినుకు పడగానే లేచి బేసిను బోర్లించి రాయి పెట్టాను. తెల్లారి తీశాను. చుక్క పడితే ఒట్టు!” అంది.

కోడలు నిలువునా కొయ్యబారిపోయింది.

భర్తను నిలదీద్దామంటే ఆయన దర్జీ. కొలతే ఆయనకు వేదం. “తెల్లారి లేచేసరికి నేల తడిగానే ఉంది. గొట్టంలో మాత్రం చుక్క లేదు. నువ్వు గొట్టంలో ఉన్నది పంపమన్నావు, సున్నా పంపాను. నా కళ్లు చూసినదాన్ని బట్టి చొక్కా కత్తిరిస్తానా, టేపు చెప్పినదాన్ని బట్టి కత్తిరిస్తానా?” అని దుకాణానికి వెళ్లిపోయాడు మహానుభావుడు!

డబ్బా సంగతి అత్తగారికి మెల్లగా విప్పి చెబుదామని కోడలు మాటలు కూడబెట్టుకుంటూ ఉండగానే ఆడపడుచు ఊడిపడింది. ఇప్పుడు ఎలా చెప్పాలి? “నీ పంట పోయింది మీ అమ్మ చేతులవల్ల” అని కూతురికి చెప్పడమా? ఆ ముసలి ప్రాణం తట్టుకుంటుందా? చెప్పకపోతే, చెయ్యని తప్పు తన నెత్తిన పడుతుంది...

“మాట్లాడవేం వదినా?” ఆడపడుచు గద్దించింది.

“తప్పు నాదే అమ్మాయీ...” కోడలు తల దించుకుంది. “ఎలా చూసుకోవాలో వివరంగా చెప్పకుండా వెళ్లాను. క్షమించు...”

“క్షమిస్తే గడ్డలు వెనక్కి వస్తాయా?”

“చెల్లెలు చెల్లెలంటూ పరిగెత్తావు గానీ, ఇక్కడ నా పిల్ల బతుకు ఏమవుతుందో చూసుకోవద్దటమ్మా?” అత్తగారు కూడా కూతురి పక్షమే చేరింది. ఎంతైనా కన్నకడుపు కదా!

ఆ మాటకు కోడలి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అయినా నోరు విప్పలేదు. ‘భగవంతుడా! నిజం దాచడం పాపమంటారు. మరి ఒక తల్లి గుండె పగలకుండా దాచితే కూడా పాపమేనా? నాకు తెలియడం లేదు... నువ్వే చూసుకో’ అనుకుంది.

“ఇక ఈ గడప తొక్కితే ఒట్టు!” అంటూ ఆడపడుచు విసురుగా మెట్లు దిగబోయింది. అంతలో ఫెళ్లున ఉరిమింది! కొండ మీదినుంచి నల్లటి మబ్బు ఇంటి మీదికి వాలిపోయింది. టపటపా పెద్ద పెద్ద చినుకులు... వెనక్కి తగ్గి అరుగు మీదే నిలబడిపోయింది పాపం. ఒట్టు వేసిన మనిషి లోపలికి రాలేదు, వానలో బయటికీ పోలేదు!

అత్తగారు అప్పటికే పెరట్లోకి పరుగు తీసింది. బట్టలు తీసింది, కట్టెల మీద పట్టా లాగింది. ఆపైన గోడ పక్కనున్న బేసిను అందుకుని తిన్నగా వాన డబ్బా దగ్గరికి వెళ్లింది!

“వద్దత్తయ్యా! మూయకండి!” కోడలు కేక పెట్టింది.

అప్పటికే బేసిను బోర్లిపోయింది. దాని మీద రాయి కూడా కుదురుగా కూర్చుంది. “తడిసిపోదటే? మొన్న రాత్రి కూడా ఇలాగే కదా కాపాడాను!” అంది అత్తగారు గర్వంగా.

అరుగు చివర నిలబడితే పక్కనున్న పెరడంతా కనిపిస్తుంది. ఆడపడుచు అంతా చూసింది. అంతా వింది.

“అమ్మా... మొన్న రాత్రి నువ్వు మూశావా దాన్ని?”

“మూయకపోతే? మీ వదిన జాగ్రత్త అని అప్పగించి వెళ్లింది కదా!”

“అందులో వాన పడితేనే కదమ్మా కొలత తెలిసేది! మూత పెడితే ఇంకేం పడుతుంది!”

అత్తగారి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. డబ్బా వైపు చూసింది, కూతురి వైపు చూసింది, కోడలి వైపు చూసింది... “వాన పడాలా? రేడియోలాగా దానికదే చెబుతుందనుకున్నానే... అయ్యో! నా చేతులారా నా బిడ్డ పంటనే...” ఆ బురదలోనే కూలబడింది.

కోడలు పరిగెత్తి వెళ్లి ఒక చేత్తో బేసిను తీసి, రెండో చేత్తో అత్తగారిని పొదివి పట్టుకుంది. “మీరు కావాలని చేశారా అత్తయ్యా? నామీద ప్రేమ కొద్దీ చేశారు! రాత్రి లేచి, వానలో తడిసి, నా వస్తువును కాపాడింది మీరు కాక ఇంకెవరు?”

“నీకు ముందే తెలుసు కదే! తెలిసి కూడా నీమీద వేసుకున్నావా? నేను కూడా నిన్ను అన్ని మాటలంటే పడ్డావా నా తల్లీ!” ఆ ముసలావిడ కోడలి భుజంలో మొహం దాచుకుని పసిపిల్లలా ఏడ్చింది.

ఏడవడానికి కూడా తీరిక లేదు! మేఘానికి చిల్లు పడినట్టు కురుస్తోంది. కోడలు అత్తగారిని అరుగు మీదికి చేర్చి, కాసేపాగి డబ్బాలో నీళ్లు గొట్టంలో పోసి చూసింది. గొట్టం నిండింది. పారబోసి మళ్లీ పోసింది. మళ్లీ నిండింది! వెంటనే కేంద్రానికి ఫోను చేసి లెక్క చెప్పి, ఆడపడుచు వైపు తిరిగింది. “అమ్మాయీ, ఇంకా ఏమైనా మిగిలిందా చేలో?”

“పైమడి ఉల్లి మిగిలింది వదినా... అదీ నేల మీదే ఆరుతోంది.”

“అయితే మీ ఆయనకు చెప్పు. వాగు నిన్నటికంటే పెద్దగా వస్తుంది. ఉన్నపళంగా గట్టుకు ఎత్తేయాలి!”

ఆడపడుచు ఫోను చేసింది. అవతల ఆయన ఒకటే నవ్వు! “ఇక్కడ ఎండ చుర్రుమంటోంది! ఒక్క మబ్బు తునక లేదు. పొద్దున ఆ కొలతను తిట్టుకుంటూ వెళ్లావు, ఇప్పుడు అదే నమ్మమంటున్నావా?”

ఆడపడుచు ఒక్క క్షణం వదిన మొహంలోకి చూసింది. ఇందాక తాను తిట్టినప్పుడు ఎదురు చెప్పని మొహం! తల్లి పరువు కోసం అన్నీ మింగిన మొహం!

“మా వదిన స్వయంగా కొలిచింది. ఆ మనిషి అబద్ధం ఆడితే నాకోసం, మా అమ్మకోసం ఆడుతుంది గానీ, పంట దగ్గర ఆడదు! నవ్వడం ఆపి బుట్టలు తీయండి! పక్క చేలవాళ్లను కూడా కేకెయ్యండి!”

తర్వాత ముగ్గురూ అరుగు మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. కోడలు మధ్యమధ్యలో వెళ్లి కొలిచి వస్తోంది. అత్తగారు కూతురి పాదాల బురద తన చేత్తో కడిగింది. లోపల రేడియోలో దిగువ రైతులు వాగు పక్కనుంచి తప్పుకోవాలని చెబుతున్నారు. వాన తగ్గింది... చూరు నుంచి చుక్కలు కారుతున్నాయి... అప్పుడు మోగింది ఫోను!

ఆడపడుచు వింటూ వింటూ ఏడ్చేసింది. అత్తగారు బెదిరిపోయింది. “ఏమైందే? పోయిందా?”

“ఆఖరి బుట్ట గట్టు ఎక్కించి ఊపిరి పీల్చుకున్నారట... వెనకే వాగు వచ్చిందట! పైమడి మీద ఇప్పుడు నడుము లోతు నీళ్లటమ్మా! ఒక్క గడ్డ పోలేదు. పక్క చేలవాళ్లవీ దక్కాయి!” వదిన రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. “నోటికొచ్చినట్టు అన్నాను వదినా...”

“నీ కడుపు మంట నువ్వు నా దగ్గర కాక ఎవరి దగ్గర చెప్పుకుంటావు అమ్మాయీ?”

“నాక్కూడా కొలవడం నేర్పు. ఈసారి మీ చెల్లెలి దగ్గరికి వెళితే నేనొచ్చి చూస్తాను. మా అన్నయ్యకు మాత్రం అప్పగించకు తల్లీ!”

ముగ్గురికీ నవ్వు వచ్చింది. ఏడుపులోనే నవ్వు!

కోడలు లోపలికి వెళ్లి దేవుడి ముందు చేతులు జోడించింది. ఏం అడగాలనిపించలేదు. ‘మొన్నటి వానా నీదే, ఇవాళ్టి వానా నీదే. పోయిన పంట ఎందుకు పోయిందో నాకు అర్థం కాదు స్వామీ. నిజం నా నోటితో చెప్పించకుండా నువ్వే బయటపెట్టావు. దక్కినదానికి మాత్రం నీకు వెయ్యి దండాలు...’

“వదినా, ఆకలేస్తోంది!” పెరట్లోంచి ఆడపడుచు పిలిచింది.

ఆ పిలుపు వినగానే కోడలి మనసు నిండిపోయింది. కళ్లు తుడుచుకుని, నలుగురికి సరిపడా బియ్యం కొలిచి పొయ్యి వెలిగించింది.