అక్క ఊపిరి

స్టూడియోలో అతన్ని అందరూ కత్తెర అనేవారు. రికార్డింగులో దగ్గు, కుర్చీ కిర్రు, పాడేవాళ్ల ఊపిరి... దేన్నీ బతకనిచ్చేవాడు కాదు. పైగా అసలు కాపీ కూడా దాచేవాడు కాదు. తన చెయ్యి తప్పదని అంత ధీమా, మహానుభావుడికి!

ఆ మధ్యాహ్నం అతను పని చేస్తున్నది అక్క చివరి పాట మీద. మూడు వందల ఏళ్ల నాటి చర్చి ప్రార్థన. కింద ఆర్గాన్ వాద్యం మంద్రంగా సాగుతుంటే, ఆమె గొంతు ‘దయచూపు’ అన్న ఒక్క మాటనే మెలికలు తిప్పుతూ పైపైకి తీసుకెళ్తుంది. వింటే రాయికైనా కన్నీళ్లొస్తాయి.

అది పాడేనాటికే ఆమె ఊపిరితిత్తులు పాడైపోయాయి.

“ఒరేయ్, నా ఊపిరి మాత్రం కొయ్యకురా. ఒక్కొక్కటీ ఎంత కష్టపడి తీసుకున్నానో నాకే తెలుసు,” అంది పాడటం అయ్యాక.

“అలాగేలే అక్కా,” అన్నాడు. పది రోజులకే ఆమె పోయింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. చేతులు ఊరుకోలేదు. డెబ్బై రెండు ఊపిర్లు కోసేశాడు, చెరిపేశాడు. తర్వాత పాట పెట్టుకుని విన్నాడు.

అబ్బ, ఎంత బాగుందో! ఎక్కడా తెగని గొంతు. కానీ అతను ఇంకా వింటూనే ఉన్నాడు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా... ఆగదే!

నాలుగు నిమిషాల పాట. గడియారంలో పది నిమిషాలు దాటాయి. కంగారుగా మెషీన్ ఆపేశాడు.

గొంతు ఆగలేదు.

సన్నబడింది... బొంగురుపోయింది. గదిలో అక్క మందుల వాసన.

“తమ్ముడూ... ఊపిరాడట్లేదురా...”

“నీ ఊపిర్లు లేవక్కా... చెరిపేశాను,” అంటూ భోరుమన్నాడు. ఇచ్చిన మాట తప్పినందుకు తన చెంపలు తనే వాయించుకున్నాడు.

“నీవి ఇవ్వవూ?”

అతను తన బల్ల మీది మైకు దగ్గరికి జరిగాడు. పాట మళ్లీ మొదలైంది. ఆమె ఆగాల్సిన ప్రతిచోటా తను ఊపిరి పీల్చాడు. ఒకటి... పది... నలభై... పీల్చిన గాలి మాత్రం లోపలికి చేరలేదు.

డెబ్బై రెండోదానితో పాట హాయిగా ముగిసింది.

‘సరిపోయిందా అక్కా?’ అనబోయాడు. గొంతులోంచి గాలే రాలేదు. పాడే గదికీ తనకూ మధ్యనున్న అద్దానికి ముఖం ఆనించి, నోరు బార్లా తెరిచాడు.

అద్దం మీద ఆవిరి పట్టలేదు.

అవతలి గదిలో ఎవరూ లేరు. అద్దానికి అటువైపు మాత్రం, అక్క నిలబడితే నోరు ఎక్కడికి వస్తుందో సరిగ్గా అక్కడ, చిన్న మసక మచ్చ ఒకటి పెరుగుతోంది... తగ్గుతోంది... మళ్లీ పెరుగుతోంది.