రాజు తొడిగిన కడియం

కుంతలగిరిని ఏలే వీరకేతుడికి ఒకటే పిచ్చి. ఏటా జరిగే పరుగుపందెంలో పొరుగురాజును ఓడించాలి. అందుకోసం చురుకైన పిల్లలందరినీ మైదానానికి తోలించి, నిండుసభలో తన చేతులతోనే వాళ్ల కాళ్లకు రాగి కడియాలు తొడిగాడు. కొన్ని నెలలకు ఆ పిల్లలు పరిగెడుతూ పరిగెడుతూనే ఒక్కొక్కరుగా రాతిబొమ్మలైపోసాగారు.

పన్నెండో బొమ్మ గొర్రెలకాపరి పెద్దకూతురు పోలమ్మ. తన ఎడమకాలికీ అదే కడియమున్న చెల్లెలు చెంగి ఆ రాతి చెక్కిలి నిమురుతూ ఉంటే, శిక్షకుడు రుద్రసేనుడు కొరడా ఝళిపించాడు.

"సోమరిపోతులకు ఇదే గతి. నువ్వు పరిగెత్తు!"

చెంగికి ఒళ్లు మండిపోయింది. "మా అక్క సోమరిపోతా? జ్వరంలో కూడా పరిగెత్తించావు కదయ్యా!" అని అరిచి, కంచె దూకి, మాయలన్నీ తెలిసిన రాక్షసి దుర్ముఖి ఉండే కీకారణ్యం దారి పట్టింది.

అడవి మొదట్లోనే పెద్దపులి అడ్డొచ్చింది. "పరిగెత్తు పిల్లా! పారిపోయేవాళ్లను తప్ప ముట్టనని నాకు ఒట్టు."

"నీ ఒట్టు నువ్వే ఉంచుకో. ఒకరి కోసం ఇక ఒక్క అడుగూ పరిగెత్తను," అంటూ చెంగి నేలమీద చతికిలబడింది. పులి మధ్యాహ్నం దాకా కాచి, గొణుక్కుంటూ పోయింది.

ముళ్లడొంకల్లో ఆమె మోకాళ్లు చీరుకుపోయాయి. కొండ ఎక్కుతుండగా ఎడమ పాదం బరువెక్కి రాయయింది. కుంటుతూనే ఎక్కి, గుహ ముందు నిలబడి కేక పెట్టింది.

"మా అక్కను ఎందుకు రాయిని చేశావే?"

దుర్ముఖి పకపకా నవ్వింది. "కడియాలు చేసింది నేనే, చేయించుకున్నది మీ రుద్రసేనుడు. ఒంట్లో సత్తువ, మనసులో ఇష్టం అడుగంటినా, పరుగందుకున్న కాళ్లను ఆగనివ్వవవి. చివరికి మనిషి రాయే! తొడిగిన చెయ్యే తప్పు ఒప్పుకుని తీస్తే విరుగుడు. ఏ రాజు తీస్తాడే, పిచ్చిదానా?"

చెంగి తిరిగొచ్చి సభలో ఆ మాటే చెప్పింది. రాజు ముఖం చిట్లించాడు. "పందెం ఎల్లుండే. గెలిచాక చూద్దాం."

"పరిగెత్తేది మేము, కూర్చుని చూసేది మీరు! మీ గొప్పకు మా కాళ్లే దొరికాయా ప్రభూ?" అని, రాతిపాదం ఈడ్చుకుంటూ వెళ్లి మైదానం నడుమ కూర్చుంది. మిగిలిన పిల్లలూ కూర్చున్నారు. తల్లులొచ్చి వాళ్ల చుట్టూ కూర్చున్నారు. రుద్రసేనుడు కొరడా ఎత్తితే, ఒక కుమ్మరామె దాన్ని లాక్కుని విరిచేసింది. పందెం రోజు నగారా మోగింది. ఒక్కరూ లేవలేదు.

పొరుగురాజు చూస్తుండగా వీరకేతుడు గద్దె దిగాడు. పోలమ్మ ముందు మోకరిల్లి, "తప్పు నాదే తల్లీ," అంటూ తన చేతులతోనే కడియం తీశాడు. రాయి కరిగింది.

పోలమ్మ కళ్లు తెరిచి, "పందెం గెలిచామా?" అంది.

"పందేనికి నిప్పు పెట్ట!" చెంగి భోరుమంది. "ఆకలేస్తోందా అక్కా?"

రాజు చేతులతోనే కడియాలన్నీ ఊడాయి; మిగతా బొమ్మలకు ప్రాణమొచ్చింది, చెంగి పాదమూ మామూలైంది. రుద్రసేనుణ్ణి పొలిమేర దాటించారు. మైదానం మీద పెత్తనం చెంగికి దక్కింది. ఇష్టమున్నవాళ్లే వచ్చారు, అలిసినవాళ్లు ఇంటికెళ్లారు. మరుసటి ఏడు కుంతలగిరి పందెం ఓడిపోయింది. రాజు ఏదో అనబోయి, పక్కనే కూర్చున్న చెంగి ముఖం చూసి, చప్పట్లు కొట్టాడు.