గడప లేని మిద్దె

వేంపల్లె బాటలో, మా ఊరికి అర మైలు ఇవతల, చీనీ తోటల పక్కన ఒక మిద్దె ఉంది. నాలుగు గోడలు, లోపల రెండు గదులు, పైన స్లాబు, స్లాబు మీద తుప్పు పట్టిన కమ్ములు. తలుపుల్లేవు, కిటికీల్లేవు. కువైటు మిద్దె అంటారు. పగలు మేకలు దాని నీడన నిలబడతాయి. పొద్దు గూకినాక మేకలు కూడా ఆ పక్కకు పోవు.

చెడ్డపేరు ఊరికే రాలేదు. ఆ మిద్దె నా చెల్లెలి కొడుకు ఏసేపుది. భార్య జీవమ్మ కువైటులో ఇంటి పనికి పోయి ఉంటే, తాను దగ్గరుండి కట్టించినాడు. వాకిలికి సందు మాత్రం వదిలినాడు. జీవమ్మ వచ్చినాకనే గడప పెట్టాలని పట్టు. స్లాబు పోసిన మూడో రోజు, తడపడానికి పైకెక్కి జారి పడినాడు. కింద రాళ్లకుప్ప...

అంతే. గడప పెట్టకుండానే మనిషి పోయినాడు.

జీవమ్మ మూడేండ్లకు తిరిగొచ్చింది. ఆ మిద్దె ముఖం చూడకుండా తన బావ ఇంట్లో దిగింది. ఆమె వచ్చిన కొన్నాళ్లకే మిద్దెలో ఏదో ఉందని మాట పుట్టింది. పగలు తొంగి చూసినవాళ్లకు నేల మీద గులకరాళ్లు కనిపించినాయి. వరసలు వరసలుగా, ఎవరో లెక్క పెట్టి పేర్చినట్లు. ఎవరు చెదరగొట్టినా రెండు రోజుల్లో మళ్లీ అట్లనే ఉంటాయి. చేతబడి అన్నారు.

ఇంక ఓబుళేశు సంగతి. నేను చూసింది కాదు, ఆయన నోటితో చెప్పిందే రాస్తున్నాను.

ఓబుళేశుకు ఆ మిద్దె అవతల అరటి తోట ఉంది. మోటార్లకు కరెంటు ఆ వారం రాత్రి పదకొండుకు ఇస్తున్నారు. టార్చి పట్టుకొని పోతున్నాడు. పామును తోక పట్టి విసిరేసే మనిషి, భయం ఎరగడు. మిద్దె దగ్గరికి వచ్చేసరికి—

టక్.

రాయి మీద రాయి పెట్టినట్లు. నిలబడినాడు. మళ్లీ... టక్. లోపల దీపం లేదు. ఆ చీకట్లోంచి ఆడమనిషి గొంతు. ఏడుపు కాదు, నవ్వు కాదు. పిల్లలు పాఠం వల్లించినట్లు మెల్లగా...

"సిజి... లోరో..."

అది తెలుగు కాదు. ఉర్దూ కాదు. ఆయన విన్న ఏ భాషా కాదు.

"ఎవరప్పా ఆడ?" అన్నాడు ఓబుళేశు.

గొంతు ఆగిపోయింది. తరువాత, వాకిలి సందుకు బాగా దగ్గరగా, తెలుగులోనే—

"నీకు దోవ తెలుసునా?"

టార్చి ఎక్కడ పడిందో తెలియదు. ఒక చెప్పు కాలువలో దొరికింది. మూడు రోజులు జ్వరం.

నాలుగో రోజు తిమ్మయ్య హోటలు దగ్గర కూర్చున్నాము.

"ఏమప్పా ఓబుళేశూ, ఒంటి చెప్పుతో వచ్చినావంట?" అన్నాడు తిమ్మయ్య, టీ తిరగబోస్తూ.

"నవ్వప్పా. నీ హోటలు ఆడ పెట్టుకో, తెలుస్తాది."

"ఏమడిగింది?"

"దోవ."

"చెప్పి రావాల్సింది గదా. పాపం, బస్సు తప్పిపోయింటాది."

అందరూ నవ్వినారు. ఓబుళేశు నవ్వలేదు. టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టి లేచిపోయినాడు. అది చూసినాక నాకు మొండి పట్టింది. పోయి చూడాల్సిందే అనుకున్నాను.

పోయే ముందు జీవమ్మతో ఒక మాట చెబుదామని వాళ్ల ఇంటికి పోయినాను. ఎంతైనా ఆమె మిద్దె. జీవమ్మ లేదు. ఆమె తోడికోడలు జ్ఞానమణి వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఈ చీకట్లో యాడికి పోయిందమ్మా?"

"యాడికి పోతాదో, ఎప్పుడొస్తాదో! కువైటు ఏసీలో పండుకొని వచ్చినామెకు మా ఇల్లు ఉక్కపోస్తాది మామా. ఈ చలిలో కూడా అరుగు మీదనే పడక. సంగటి కూడా బయటనే తింటాది. వచ్చి ఎనిమిది నెలలాయె, ఒక్కనాడు లోపల కాలు పెట్టల్యా."

ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు. ఎక్కి ఉండాల్సింది.

ఇంట్లో నా భార్య, ఆనందం ఆమె పేరు, అడ్డం నిలబడింది. "డెబ్బై ఆరేండ్లకు దెయ్యాన్ని చూడబోతావా?"

"నలభై ఏండ్లు రాత్రుల్లో ఒంటరిగా తిరిగినోణ్ణి."

"అప్పుడు నీకు కండ్లు కనపడతాండె," అంది, చేతికి కర్ర ఇచ్చి.

మిద్దె దగ్గరికి పోయినాను. చలి. తోటల్లో మోటార్ల చప్పుడు, అది తప్ప ఏమీ లేదు. వాకిలి సందు నల్లగా ఉంది. నిలబడినాను...

టక్.

కర్ర బిగించి పట్టుకున్నాను. కదలలేదు.

"ఎవరు?" అని లోపలి నుంచి గుసగుస.

"శాంతయ్యను."

తరువాత— "లోపలికి రా మామా. ఈడ గడప లేదు."

జీవమ్మ గొంతు.

గడప లేదు అన్న ఆ ఒక్క మాటతో నాకు మొత్తం తెలిసిపోయింది. ఎందుకు తెలిసిందో చెప్పాలి.

చావు కబురు మోయడం మా ఇంటి పని. ఊర్లో ఎవరు పోయినా, బంధువుల ఊర్లకు నడిచిపోయి చెప్పేది మా తాత, మా నాయన, తరువాత నేను. ఫోన్లు వచ్చి ఆ పని పోయింది, పద్ధతి మాత్రం నా కాళ్లలో ఉండిపోయింది. కబురు చెప్పేదాకా మోసేవాడు ఏ గడపా దాటకూడదు. తన ఇంటిది కూడా. దాటితే ఆ ఇంట్లో ఇంకొక చావు. వానైనా చలైనా బయటనే.

జీవమ్మ ఎనిమిది నెలలుగా గడప దాటలేదు.

"ఎవరిదమ్మా కబురు?" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

కువైటులో ఆ ఇంట్లో ఆమెతో పాటు ఇంకొకామె పని చేసేది. పేరు సుమార్ని, దేశం ఇండోనేసియా. ఇద్దరికీ కలిసింది నాలుగు అరబీ ముక్కలే. వంటింటి పక్క గదిలో పండుకొని, పిచ్చి పట్టకుండా రాత్రిపూట ఒకరి ఊరు ఒకరికి చెప్పుకునేవాళ్లు. రోజూ అదే. మన ఊరిని సుమార్ని తెలుగులో అప్పజెప్పేది. ఆమె ఊరిని జీవమ్మ ఆమె భాషలో అప్పజెప్పేది.

"ఏసేపు పోయిన కబురు ఇంటామె నాకు చెప్పల్యా మామా, పని చెడతాదని. సుమార్ని విన్నింది. రాత్రి గది బయటనే నిలబడి చెప్పింది. చెప్పినంకనే లోపలికొచ్చింది. మన పద్ధతి ఆమెకెట్ల తెలుసునో..."

ఏడాదికి సుమార్నికి జ్వరం వచ్చింది. ఐదో రోజు పోయింది. తెల్లవారక ముందే ఎవరో వచ్చి తీసుకుపోయినారు. కబురు ఆమె ఊరికి చేరి ఉండదు. ఆమెను పంపిన దళారీ వేరే ఎవరో పిల్ల పేరుతో, వేరే ఊరితో పాస్‌పోర్టు చేయించినాడు. చేరినా అది వేరే వాళ్ల ఇంటికి.

"వాళ్లమ్మ ఇంకా ఎదురు చూస్తాంటాది మామా. నేను తప్ప ఆ కబురు తెలిసినోళ్లు ఎవురూ లేరు. ఆడ పని ఇంట్లో గడప దాటక తప్పల్యా, ఈడికొచ్చినంక దాటల్యా. నాకు చదువు రాదు. ఊరు మర్చిపోతే ఇంక దోవే లేదు. అందుకని రాత్రి వచ్చి ఇంటికొక రాయి, వాగుకొక వరస పెట్టుకొని చెప్పుకుంటాండా."

"మరి ఓబుళేశును దోవ ఎందుకడిగినావు?"

"ఎవురికన్నా తెలిసింటాదేమోనని... నోరు జారింది."

మరుసటి రోజు మా ఊరి సచివాలయంలో పనిచేసే అవినాష్ దగ్గరికి పోయినాను. మంచి పిల్లోడు. సుంబర్‌సారి అని జీవమ్మ చెప్పిన సుమార్ని ఊరి పేరు చెబితే ఫోనులో వెదికినాడు.

"తాతా, ఆ పేరుతో ఆ దేశంలో ఊర్లు శానా ఉండాయి. ఏ జిల్లా? ఏ మండలం?"

"ఊరికి ఉత్తరంగా కొండ ఉంటాది నాయనా. దాని నెత్తిన పొగ వస్తాది."

అవినాష్ మళ్లీ వెదికినాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

"పొగ వచ్చే కొండలు కూడా శానా ఉండాయి తాతా."

అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

అయితే మా పద్ధతిలో ఇంకొకటి ఉంది. వాగు పొంగి ముందుకు పోలేకపోతే, కబురును ఇంకొకనికి అప్పజెప్పవచ్చు. అప్పజెప్పినవాని మెడ మీద బరువు దిగిపోతుంది. కాకపోతే తీసుకునేవానికి దోవ మొత్తం చెప్పాలి. ఒక్క గుర్తు కూడా వదలకూడదు.

రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు నాకున్నాయి. ఒక నోటు పుస్తకం కొన్నాను. పదకొండు రాత్రులు ఆ మిద్దెలో కూర్చొని, ఆమె చెబుతుంటే టార్చి వెలుగులో రాసుకున్నాను. రాసింది ఇది.

సుంబర్‌సారి. ఇండ్లు అరవై రెండు. కొండ నెత్తిన పొగ ఎప్పుడూ ఉంటుంది, ఊరివాళ్లకు భయం లేదు. బూడిద పడితే పైరుకు బలం అంటారు. పొలాలు మెట్లు మెట్లుగా దిగుతాయి, పై మడి నీళ్లు కింది మడికి పారుతాయి. చాలా ఇండ్ల వెనక చేపల గుంత. వాగులు రెండు. తూర్పు వాగు మీద వెదురు వంతెన. ఒకరు వస్తుంటే ఇంకొకరు ఆగాలి. మసీదులో మైకు కంటే ముందు పెద్ద తోలు నగారా మోగిస్తారు. లవంగాలు కోసే రోజుల్లో బాట పొడుగునా చాపల మీద ఎండబోస్తారు, ఇండ్లలో అన్నం కూడా ఆ వాసనే. సంత అయిదు రోజులకొకసారి, ఆ సంతకు వాళ్ల వారం అయిదు రోజులే. టౌనుకు పోవాలంటే కూరగాయల లారీలో, మూటల మీద కూర్చొని, టేకు అడవి దాటి పోవాలి. సుమార్ని ఇల్లు వంతెన దాటినాక మూడోది. ముందర జామచెట్టు. తల్లి పేరు సతియెం. ఒక కన్ను మసక.

మా పాపాఘ్ని ఏట్లో ఇసుక చూసి బతికినవాణ్ణి. నీళ్లు మెట్లు దిగే పొలాలంటే నమ్మకం కుదరలేదు. "అబద్ధం చెప్పింటాది," అన్నాను.

జీవమ్మకు కోపం వచ్చింది. "మన ఊర్లో నీళ్లకు వెయ్యి అడుగులు బోరేస్తారంటే ఆమె కూడా అట్లనే అనింది."

పదకొండో రాత్రి దోవ అయిపోయింది.

"ఇంక కబురు చెప్పు," అన్నాను.

"నువ్వెట్ల పోతావు మామా? సముద్రం దాటాల. వేంపల్లె పోయొచ్చేదానికే నీకు ఆయాసం."

"పోయేది నేను. నువ్వు చెప్పు."

లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఎవరూ నేర్పకుండానే, సరిగ్గా మా నాయన నిలబడినట్లే నిలబడింది.

"సుమార్ని పోయింది. జ్వరం. ఐదు రోజులు. నీళ్లడిగితే నేనే తాపినా. ఒంటరిగా పోలేదని వాళ్లమ్మకు చెప్పు."

"సరే," అన్నాను. కబురు నాదయింది.

ఆ రాత్రి జీవమ్మ జ్ఞానమణి ఇంటి గడప దాటి లోపలికి పోయింది. మరునాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. చచ్చిపోయిందేమోనని జ్ఞానమణి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

నేను నా ఇంటి గడప దాటలేదు. ఆనందం అరుగు మీదికి దుప్పటి విసిరేసి, "దెయ్యంతో కాపురం పెడతాండావా?" అంది. చలికి తాళలేక, రెండో రాత్రి నుంచి నేనూ ఆ మిద్దెలోనే పడుకుంటున్నాను. గోడలున్నాయి, గడప లేదు.

ముసలి బుర్ర, మరిచిపోతానని రోజూ పుస్తకం గట్టిగా చదువుకుంటాను. మొన్న ఆదివారం రాత్రి చదువుతున్నాను. ఇండ్లు అరవై రెండు. చేపల గుంతలు. వాగులు రెండు...

టక్.

లోపలి గదిలోంచి.

చదవడం ఆపినాను. మోటార్లు కూడా లేవు ఆ రాత్రి. ఎలుక అనుకొని మళ్లీ మొదలుపెట్టినాను. వాగులు రెండు—

"తెలు."

ఆడమనిషి గొంతు. కోపం లేదు. రాత్రి బడిలో అయ్యవారు నా తప్పు దిద్దేటప్పుడు ఉండేంత ఓర్పు మాత్రం ఉంది. టార్చి వేసినాను. గదిలో ఎవరూ లేరు. జీవమ్మ పేర్చిన గులకరాళ్లు, వాగులకు రెండు వరసలు, ఉన్నట్లే ఉన్నాయి. ఆ రెంటి పక్కన, విడిగా, కొత్తగా ఒక రాయి.

తెల్లవారుతూనే జీవమ్మ దగ్గరికి పోయినాను. వాకిలి ఊడుస్తోంది.

"తెలు అంటే ఏందమ్మా?"

"మూడు మామా. సిజి, లోరో, తెలు... ఒకటి, రెండు, మూడు, వాళ్ల భాషలో." చీపురు ఆగింది. "ఆ మాట నేను నీకు చెప్పల్యా గదా?"

నేను చంకలోని పుస్తకం తెరిచినాను.

"సుంబర్‌సారిలో వాగులెన్నమ్మా?"

"రెండు..." అని, వేళ్లు మడిచి మళ్లీ లెక్క పెట్టింది. "కాదు మామా. మూడు. మూడోది వానల్లోనే పారుతాదని చెప్పింది. నేనే మర్చిపోయినా."

ఆ రాత్రి మిద్దెలో కూర్చొని రెండు కొట్టేసి మూడు అని రాసినాను. మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివినాను. జామచెట్టు దాకా, మసక కన్ను దాకా. ఈసారి లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు.

దోవ ఇప్పుడు సరిగ్గా ఉన్నట్లుంది. ఇంక నేను లేచి నడవడమే తరువాయి అనుకొని, ఆ చీకట్లో సుమార్ని కాచుకొని ఉంది కాబోలు.