లాన్స్‌డౌన్ రోడ్‌లో నిశ్శబ్దం

టాలా వెళ్లే లువాస్ ట్రామ్‌లో స్తెఫను కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఏజెంట్ చాముండేశ్వరి బుగ్గలకు ఆకుపచ్చ రంగు పూసుకుని డబ్లిన్‌లోని లాన్స్‌డౌన్ రోడ్ స్టేడియంలో కూర్చుంది. ఐర్లాండ్‌కీ వేల్స్‌కీ రగ్బీ మ్యాచ్. దాదాపు నూట యాభై ఏళ్లుగా దేశపు జట్టు ఆడుతున్న నేల. స్టాండ్ కింద రైలు వెళ్లినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరుస్తోంది. రాత్రంతా పాపకు జ్వరం.

"వినబడుతోందా అమ్మా?" ఇయర్‌పీస్‌లో చీఫ్ కృపారావు.

"వినబడుతోంది సార్. నిద్ర కూడా వస్తోంది."

"నీ ముందు వరసలో నీలం కోటు. దినేశ్. స్తెఫనుని చంపిన ముఠా వాళ్ల పేర్లన్నీ అతని బుర్రలోనే ఉన్నాయి. హాఫ్‌టైమ్‌లో మనకు చెప్తాడు. స్తెఫను పోయాక మిగిలిన సాక్షి అతనొక్కడే."

"మరి ఇంత జనంలోనా?"

"జనంలోనే భద్రమని అతని నమ్మకం. పక్కన మనస్విని ఉంటుంది. మన మనిషే."

"పోయినేడాది వాళ్ల మనిషి కదా సార్?"

"డబుల్ ఏజెంట్ అన్నాక అటూ ఇటూ తిరగదా అమ్మా!"

మనస్విని రానే వచ్చింది. ఎర్ర లిప్‌స్టిక్, పచ్చ స్కార్ఫ్, ముడిలో తళతళలాడే పిన్ను. దినేశ్ పక్కన కూర్చుని వెనక్కి తిరిగింది.

"రైలు లేటా?" చాముండేశ్వరి కోడ్ అడిగింది.

"ఈ దేశంలో వానొక్కటే టైముకొస్తుంది." కోడ్ సరిపోయింది. "నేను పుట్టింది ఇక్కడే, ఎన్నిస్ అనే ఊళ్లో అక్కా. నాన్న నన్ను ప్రతి మ్యాచ్‌కీ ఇక్కడికి తెచ్చేవారు. మీరు కాస్త కునుకు తీయండి. నేను చూసుకుంటాగా."

ఆ మాట ఎంత తియ్యగా ఉందో! చాముండేశ్వరి రెప్పలు వాలాయి.

వేల్స్‌కి పెనాల్టీ. ఆటగాడు బంతి నిలబెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. యాభై వేల గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇక్కడ అదొక పట్టింపు. తన్నేది పరాయివాడైనా సరే, ఎవరూ నోరు మెదపరు. పోయినవారం టీవీ ముందు ఫోన్ మాట్లాడుతుంటే అయిదేళ్ల కూతురే ఆమె నోరు మూయించింది. "మమ్మీ, షుష్! హీ ఈజ్ కికింగ్!"

"బూ... బూ..."

ఒకే ఒక్క గొంతు. మనస్విని! అరుస్తూనే ముడిలోంచి పిన్ను లాగింది.

చాముండేశ్వరి నిద్ర ఎగిరిపోయింది. చిన్నప్పట్నించీ ఇక్కడికొచ్చే పిల్లకి ఇది తెలియదా? అందరూ గోల చేస్తారు, దినేశ్ కేక అందులో కలిసిపోతుందనుకుంది!

చేతి వాచీలోని లేజర్ నొక్కింది. వెలగలేదు. దాని బ్యాటరీ రాత్రే పాప థర్మామీటర్‌లోకి వెళ్లింది. సంచిలోంచి స్టీలు లంచ్ బాక్సు లాగి దినేశ్ మెడకు అడ్డం పెట్టింది.

టంగ్!

విషపు సూది వంగిపోయింది. మూత ఊడి పెరుగన్నం దినేశ్ కాలర్ మీద పడింది.

"ష్‌ష్‌ష్!" స్టాండంతా చాముండేశ్వరి మీదికి లేచింది.

గార్డా పోలీసులొచ్చి మనస్విని చేతులకు బేడీలు వేశారు.

"ఎలా కనిపెట్టావ్?" పళ్లు నూరింది మనస్విని.

"మా పాప నేర్పింది."

హాఫ్‌టైమ్‌లో దినేశ్ పెరుగు మెతుకులు దులుపుకుంటూ పేర్లన్నీ చెప్పేశాడు.

"శభాష్ అమ్మా!" అన్నాడు కృపారావు. "రేపు పొద్దున్నే ఇంకో కేసు..."

ఆమె ఇయర్‌పీస్ పీకేసింది. పక్క సీటు ముసలాయన భుజం తట్టాడు.

"గ్రాండ్! భలే పట్టావమ్మా. కానీ వాడు తన్నేదాకా ఆగలేకపోయావా?"