నలభై ఇళ్ల తోడు

మారికుప్పంలో రైలు కదలడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. కిటికీ పక్కన కూర్చున్న చీఫ్ బదరీనాథ్ పేపరు చాటునుంచి మాట్లాడాడు.

"పదింటికి కోలారు పక్కన తమక ల్యాబ్‌లో నాలుగు వందల మంది టమాటా రైతులకు డ్రమ్ములోంచి మందు పోస్తారు."

"మందు కాదు సార్, మంచి బ్యాక్టీరియా," అంది ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఏజెంట్ నేత్ర. "వేళ్ల చుట్టూ కాపలా కాస్తుంది. ఎండు తెగులు బ్యాక్టీరియాను దగ్గరికి రానివ్వదు."

"హెమ్‌లాక్ ముఠాకు కడుపుమంట అదే. ఇది పనిచేస్తే వాళ్ల విదేశీ స్ప్రే ఎవడు కొంటాడు? అందుకే డ్రమ్ములో తెగులు బ్యాక్టీరియా నింపుతారు. రైతులు తమ చేత్తోనే తమ తోటలు చంపుకుంటారు. ఆపాలి. మంచి బ్యాక్టీరియాకు తల్లి విత్తు, ఆ మదర్ కల్చర్, ఒకే ఒక్క ఫ్లాస్కు. దాన్నీ కాపాడాలి."

"లోపల మనవాళ్లు?"

"ల్యాబ్ హెడ్ డాక్టర్ శ్రీరక్ష. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు కబురు పంపుతోంది."

రైలు కదిలింది. కిటికీలోంచి ఒక తాళంచెవుల గుత్తి నేత్ర చేతిలో పడింది. దానికి చిటికెన వేలంత యూవీ టార్చ్.

"చీకట్లో వెయ్యి. అసలుది పచ్చగా మెరుస్తుంది. నకిలీ మెరవదు."

నేత్ర నవ్వుకుంది. ఆమె తాత చిన్నన్న గనిలో టోపీ దీపంతో రాయి చూసి, బంగారం ఉందో లేదో చెప్పేవాడు.

తొమ్మిది యాభై. మండీ ఏజెంటు వేషంలో, చంకలో ఖాళీ టమాటా క్రేటుతో నేత్ర తమక ల్యాబ్ ముందు దిగింది. షెడ్డు కింద నీలం డ్రమ్ము. క్యాన్లు పట్టుకుని బారులు తీరిన రైతులు. అందరికన్నా ముందు గురువమ్మ. పోయినేడు ఆమె మూడెకరాలూ కాపు మీద ఉండగా వాడిపోయాయి. ఈ ఏడు మంచి బ్యాక్టీరియా ట్రయల్‌కు ఇచ్చిన పావు ఎకరం మాత్రం పచ్చగా నిలబడింది.

నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఎర్రటి గోళ్లు. శ్రీరక్ష ఎదురొచ్చింది.

"సైరన్ కూసిందా?" నేత్ర కోడ్ అడిగింది.

"కూసే గనికే తాళం పడింది." జవాబు సరిగ్గానే ఉంది. "డ్రమ్ము భద్రం. ఎండలో నల్లబడతావు, వెళ్లు."

పది. శ్రీరక్ష కుళాయి మీద చెయ్యేసింది. గురువమ్మ డ్రమ్ములోకి తొంగి చూసి ముక్కు చిట్లించింది.

"ఇది మా సరుకు కాదమ్మా. వాసన తేడాగా ఉండాది."

"డాక్టర్ నువ్వా, నేనా?" శ్రీరక్ష నవ్వింది.

నేత్ర ఆగలేదు. పక్కనున్న గోనె సంచి లాగి, డ్రమ్ము మీదా తన తల మీదా కప్పేసుకుని టార్చ్ నొక్కింది.

లోపల చిమ్మచీకటి. ఏదీ మెరవలేదు.

బయట శ్రీరక్ష కుళాయి తిప్పిన చప్పుడు. నేత్ర సంచిలోంచే కాలు విసిరింది. గురువమ్మ క్యాను ఎగిరి అవతల పడింది. మరుక్షణం కుళాయి కట్టేసి, ఎర్రటి గోళ్ల చేతిని వెనక్కి విరిచి పట్టుకుంది.

"డబుల్ ఏజెంటువి అనుకున్నాం. రెండో వైపే నీ అసలు వైపా?"

"లేటయ్యావు," శ్రీరక్ష పెదవి విరిచింది. "డ్రమ్ము ఆపావు, సరే. మదర్ కల్చర్ ఫ్లాస్కును పొద్దున్నే ప్రెషర్ కుక్కర్లో పెట్టాను. ఎనిమిది విజిల్స్. ఇక మీ టమాటాలకు మా స్ప్రేనే గతి."

గురువమ్మ నేత్ర వైపు చూసింది.

"యేమంటాండాది పాపా ఈయమ్మ?"

"తల్లి బ్యాక్టీరియాను ఉడకేసిందంట అక్కా. ఇంగ లేదు."

"లేకేం? దాని తోడు నా కాడ ఉండాదే!" గురువమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. "ట్రయల్‌కి ఇచ్చిందాంట్లో గలాసెడు మిగిలిచ్చి, పెరుగు తోడేసినట్లు దినామూ కొత్త బెల్లం నీళ్లలో ఏస్తా ఉండా. బాగుండాదో లేదో డాక్టరమ్మకి చూపిద్దామని తెచ్చినా."

గురువమ్మ తలతో సహా డబ్బా గోనె కిందికి వెళ్లింది. టార్చ్ వెలిగింది. గురువమ్మ ముఖం మీద పచ్చటి మెరుపు ఆడింది.

"అక్కా! ఇది టాప్ సీక్రెట్. ఇంకెవరికన్నా ఇచ్చినావా?"

"తోడు అడిగితే లేదనేదెట్ల? మా ఊర్లో నలభై ఇండ్లకి ఇచ్చినా." గురువమ్మ శ్రీరక్ష వైపు తిరిగింది. "ఆ కుక్కరు చాలదు తల్లీ. కోలారు జిల్లా పట్టేది ఒకటి చేపిచ్చుకో."

వరుస మొత్తం ఘొల్లుమంది.

ఫోన్ మోగింది. బదరీనాథ్.

"మదర్ కల్చర్ ఎక్కడుంది? సెక్యూరిటీ ఉందా?"

"నలభై వంటిళ్లలో ఉంది సార్," అంది నేత్ర. "సెక్యూరిటీకి లోటు లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక అత్తగారు ఉన్నారు."