ఊఁ కొట్టే గడి

సిద్దిపేట నుంచి చిన్నకోడూరు పోయే తొవ్వలో, రోడ్డుకు కాస్త లోపలగా ఒక పాత గడి, దొరల కాలం నాటి కోటలాంటి బంగళా, ఉంది. పొద్దుమూకాక దాని ముందు ఎవరూ నిలబడరు. ఆటోవాళ్లయితే అక్కడికి రాగానే పాటల సౌండు పెంచేస్తారు.

చచ్చిపోయిన మనిషి ఒకడు ఆ గడిలో కథ చెబుతాడట.

కథ ఒక్కటే అయితే ఎవరూ అంత భయపడకపోదురు. అది మధ్యలో ఆగుతుందట. ఆగినప్పుడు ఇంకో గొంతు... "ఊఁ…" అంటుందట.

మా వైపు కథ చెప్పేవాడికి ఎదురుగా ఊఁ కొట్టేవాడు ఒకడుండాలి. ఊఁ లేకపోతే కథ కదలదు. ఊఁ కొట్టినవాడు కథ అయ్యేదాకా లేవకూడదు. అందుకే ఆ గడి ముందు ఎవరేమడిగినా ఊఁ అనొద్దని పిల్లలకు కూడా చెప్పిపెట్టారు.

"నా ఆటో గాడనే బందయింది తమ్మీ," అన్నాడు ఆటో ఐలయ్య, పోచవ్వ చాయ్ బండి దగ్గర. "పెద్దయ్య గొంతే. చిన్నప్పటి సంది ఇన్న గొంతు మర్సిపోతనా? 'ఎవలన్న ఉన్నరా…' అని పిలుస్తుండు."

"నువ్వేమన్నవ్?" అడిగాను నేను.

"ఏమంట? ఆటో ఇడిసి ఉరికిన."

"చెప్పులు గూడ గాడనే ఇడిసినవంట గదనే?" పోచవ్వ నవ్వింది.

"నువ్వు పోయి తెచ్చియ్యి అక్కా. నీకు దండం పెడ్త."

పెద్దయ్య మా కళ్లముందు పటం కథలు చెప్పిన చివరి మనిషి. బారెడు బారెడు గుడ్డ మీద బొమ్మలు, ఒక్కో బొమ్మ విప్పుతూ ఒక్కో రాత్రి కథ. ఆ గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి పూసి, అన్నీ గీశాక ఆఖరున కళ్లు దిద్దుతారు. కళ్లు దిద్దాక అది ఇక గుడ్డ కాదు, ఇంట్లో మనిషి. పాతబడితే పారేయరు. మనిషికి చేసినట్టే అన్నీ చేసి, నీళ్లలో సాగనంపుతారు.

పెద్దయ్య పోయి ఏడాది దాటింది. పటాన్ని మాత్రం ఇంకా సాగనంపలేదు. ఎందుకంటే అది గడిలో ఉంది. గడిలో ఎందుకుందంటే, సంతోషన్న పెట్టించాడు.

సంతోషన్న మా సాంస్కృతిక సంఘానికి నాయకుడు. "చరిత్ర నిర్మాతలు ప్రజలే" అని ఆయన పిడికిలెత్తితే మాకు నెత్తురు ఉడికేది. దొర గడిని ప్రజల మ్యూజియం చేద్దామన్నాడు. మా చేతులతో బూజు దులిపాం, సున్నం వేశాం. దొర కూర్చున్న చోట డప్పు వేలాడదీసి నినాదాలు ఇచ్చాం. నమ్మకం అంటే అలా ఉండేది మాకు!

అంతకుముందే ఆయన ఆస్ట్రియా పోయొచ్చాడు. మంచు కొండల నడుమ ఒక చిన్న ఊళ్లో జానపద మ్యూజియం చూసొచ్చాడు. పటం ఇవ్వనని మొండికేసిన పెద్దయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడు:

"గాడ మ్యూజియం అంటే సమాధి కాదే పెద్దయ్యా. కట్టె మొకాలు... మాస్కులన్నట్టు... మేక కొమ్ములు, గింతగింత కోరలు... ఏడాదంత అద్దాల పెట్టెల ఉంటయ్. చలికాలం పండుగ రాంగనే పెట్టె తెరుస్తరు. ఊరోళ్లు గవే మొకాలు పెట్టుకొని, నడుముకు ఆవుల గంటలు కట్టుకొని, దయ్యాలను ఊరవతలికి ఎల్లగొడ్తరు. అయినంక మళ్ల పెట్టెల పెడ్తరు. నీ పటం గూడ గంతే. కావాల్సిన నాడు తీస్కపో."

పెద్దయ్య కరిగాడు. పటం ఇచ్చాడు. గడిలోనే కూర్చుని కథంతా చెబితే సంతోషన్న రికార్డు చేసుకున్నాడు. ఊఁ కొట్టింది కూడా ఆయనే.

ఆ తర్వాత ఆయనకు ఆ మంచు ఊళ్లోనే ఏదో ఫెలోషిప్ వచ్చింది. గడికి తాళం పడింది. తాళంచెవి ఆయనతోనే పోయింది. ఫోన్ చేస్తే "వచ్చినంక చూద్దం" అనేవాడు.

పెద్దయ్య భార్య కొండవ్వ మంచం పట్టింది. బుక్కెడు గంజి కూడా దిగడం లేదు. ఒకటే మాట.

"పటం నీళ్లల కలిస్తెనే ముసలోనికి తొవ్వ దొరుకుతది. నా పానం ఉండంగనే తేండ్రి బిడ్డా…"

మనవరాలు దీక్షిత మాతోపాటు డిగ్రీ చదివింది, మాతోపాటే గడికి సున్నం వేసింది. ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా స్కూటీ డిక్కీలో సుత్తి పెట్టుకుని బయలుదేరింది.

అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పినట్టే చెబుతున్నాను.

గేటు తోసింది. కిర్రుమంది. చలిగాలి… దూరంగా కుక్క మొరిగి, మధ్యలోనే ఆపేసింది.

అరుగు మీద కాలు పెట్టింది—

"ఇగో… గీ బొమ్మల జూడుండ్రి… పసులగాసే పోరడు గుట్ట దాటిండు… ఏరు దాటిండు… చీకటి పడ్డది… ఎవలన్న ఉన్నరా అని పిలిచిండు…"

ఆగింది.

"ఊఁ…"

సుత్తి చేతిలోంచి జారి కాలి పక్కన పడింది. ఉరకాలి. కాళ్లు గేటు వైపు తిరిగాయి కూడా…

కానీ అది తాత గొంతు. చిన్నప్పుడు ఆ గొంతుకు ఊఁ కొట్టింది తనే. కథ మధ్యలో లేస్తే తాత ఎంత చిన్నబుచ్చుకునేవాడో తనకే తెలుసు.

ఆ చీకట్లో, అరుగు మీద కూర్చుంది.

కథ సాగింది. ఆగింది. ఆ ఇంకో గొంతు ఊఁ అంది. మళ్లీ సాగింది. అంతలో తాత దగ్గాడు… ఖళ్లు ఖళ్లున, బతికున్నప్పటి దగ్గే.

దయ్యానికి దగ్గొస్తదా?

దీక్షిత ఫోన్ టార్చి ఎత్తింది. తలుపు పైన గోడకు అరచేయంత నల్ల పెట్టె. అందులో మినుకుమినుకుమనే పచ్చలైటు. పైన సోలార్ పలకకు పోయిన వైరు. మనిషి అలికిడి తగిలితే మాట్లాడే పెట్టె. ఆ మంచు ఊరి మ్యూజియంలో ఇలాంటివే ఉంటాయని తెచ్చి బిగించిన సంతోషన్న, పోయేటప్పుడు ఆర్పడం మర్చిపోయాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ ఊరంతా ఉరికింది దీనికా!

కానీ పెట్టె ఇంకా ఆగలేదు. ఉరికినవాళ్లెవరూ చివరిదాకా వినలేదు. దాన్ని బిగించినవాడూ వినలేదు. కథ ముగిసింది. గుడ్డ చుట్టిన చప్పుడు. ఆ తర్వాత తాత గొంతు తగ్గింది.

"ఇగ ఇను బిడ్డా… పటం నీ చేతుల పెడ్తున్న. నేను పోయినంక మా ముసల్దాని చేతికియ్యాలె. గది నీళ్లల కలిస్తెనే నాకు తొవ్వ. ఇస్తవు గద?"

తాత మళ్లీ దగ్గాడు…

"ఊఁ."

దీక్షిత లేచి, సుత్తి తీసుకుని, ఒక్క దెబ్బకు తాళం పగలగొట్టింది.

లోపల అద్దం వెనక పటం. టార్చి వెలుగులో బొమ్మలన్నీ నిగనిగలాడుతున్నాయి. అద్దం జరిపి చేయి పెట్టింది. జర్రున జారింది… చల్లగా. చింతగింజల గరుకు లేదు, గుడ్డ లేదు. ఫ్లెక్సీ! ఎన్నికలకు చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీ! అందులో కళ్లు ఉన్నాయి, చూపు లేదు.

ఆ రాత్రే వీడియో కాల్ చేసింది. సంతోషన్న ఎత్తాడు. వెనక గోడ నిండా కొమ్ముల మొకాలు, కోరల మొకాలు. వాటి నడుమ, అద్దం వెనక… తాత పటం.

"గీడ భద్రంగుంది దీక్షితా. చెదలు పట్టయ్, తేమ తగలదు. నీళ్లల పారేసుడు ఏం సంస్కృతి చెప్పు? కళ ప్రపంచ ప్రజలది."

"తాతకు మాటిచ్చినవ్ అన్నా."

"నేనా? ఎప్పుడు?"

"ఊఁ అన్నవ్."

ఆయన నవ్వాడు. "పిచ్చిదానా… గది కథకు కొట్టిన ఊఁ. ఒప్పుకున్న ఊఁ కాదు."

ఈ మాట దీక్షిత చెప్పినప్పుడు నాకు దొర గుర్తొచ్చాడు. దొర బెదిరించి తీసుకునేవాడు. ఈయన ఊఁ కొట్టి తీసుకున్నాడు. దొర గడినైతే ఎదిరించవచ్చు. మన నినాదంలోనే దాక్కున్నవాణ్ణి ఏం చేస్తాం?

ఫోన్ పెట్టేసే ముందు ఆయన ఇంకో మాట కూడా అన్నాడట. "రేపు రాత్రే గీడ మొకాల పండుగ. గంటలు కట్టుకొని దయ్యాలను ఎల్లగొడ్తరు. వీడియో పంపుత, చూడు."

దీక్షిత పెట్టెను గోడ నుంచి పీకి ఇంటికి తెచ్చింది. బ్యాటరీ తీసేసి, ఆ పెట్టెను కొండవ్వ మంచం కింద పడేసింది. జరిగిందంతా చెప్పింది. కొండవ్వ ఏడవలేదు.

"నన్ను గాడికి తోల్కపోండ్రి," అంది. "గా ఊఁ నా చెవులతోని ఇంట."

"పెట్టె గీడనే ఉందే అవ్వా! గాడ ఏముంది?"

"పెట్టెకు ఏమెరుక? తోల్కపోండ్రి."

మర్నాడు అర్ధరాత్రి వేళ ఐలయ్య ఆటోలో తీసుకుపోయాం. ఐలయ్య ఇంజన్ ఆపనన్నాడు. కొండవ్వ కోపంగా చూస్తే ఆపాడు. దీక్షిత ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని గేటు దగ్గర నిలబెట్టాం.

తలుపు పైన గోడకు ఉత్త మేకు. వైరు గాలికి ఊగుతోంది.

కొండవ్వ ఊపిరి కూడదీసుకుంది. భర్త అడిగినట్టే అడిగింది.

"పటం నా చేతికిస్తవు గద… బిడ్డా?"

ఐలయ్య ముక్కు ఎగబీల్చిన చప్పుడు… వైరు గోడకు తగిలిన చప్పుడు…

అప్పుడు నా జేబులో ఫోన్ వణికింది. సంతోషన్న పంపిన వీడియో. మంచులో, మంటల వెలుగులో, కొమ్ముల మనుషులు గంటలు మోగిస్తూ దేన్నో ఊరవతలికి తరుముతున్నారు. దేన్ని తరుముతున్నారో కనబడలేదు, గంటల నడుమ ఎవరిదో రొప్పు మాత్రం వినబడింది.

నేను ఫోన్ మూసేశాను. గంటలు ఆగిపోయాయి.

చీకటి గడి లోపలి నుంచి, చాలా దూరం ఉరికొచ్చి రొప్పుతున్నట్టుగా… మాకు నినాదాలు నేర్పిన గొంతు —

"ఊఁ…"