మంచం సిటీలో, వంటిల్లు బయట

"మీ కాళ్లు సిటీ బయట ఉన్నాయి," అంది ఆమె, టేపు చుట్టేస్తూ.

వీధిదీపాల మెకానిక్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. పొద్దున్నే ఆరింటికి ముక్కూ మొహం తెలియని అమ్మాయి వచ్చి మంచం కొలుస్తుంటే ఎవరికైనా అది కలే అనిపిస్తుంది. కల కాదని ఆమె మెళ్లో ఐడీ కార్డు చెప్పింది: నివాస తనిఖీ అధికారి.

"తల లోపలే ఉందిగా మేడమ్! పనిచేసేది తలే కదా?"

"మీ పైఆఫీసర్ అలా అనలేదు."

అతను దుప్పటి పక్కకి తోశాడు. ఇంత చిరాకులోనూ ఆమె కళ్లు అంత బాగుండటం అన్యాయం అనుకున్నాడు.

సిటీ ఉద్యోగి సిటీలోనే కాపురం ఉండాలి. లేదంటే ఉద్యోగం ఊడుతుంది. అతని ఖర్మ కాలి సిటీ హద్దు సరిగ్గా ఆ ఇంటి మధ్యలోంచే పోతోంది. ముందుగది సగం లోపల, వంటిల్లు పూర్తిగా బయట.

ఆ రోజే మంచం ముందుకి లాగాడు. అది వీధి తలుపుకి అడ్డం పడింది. మర్నాడు ఆఫీసరు చెప్పులు చేత్తో పట్టుకుని, మంచమెక్కి దిగి లోపలికొచ్చింది.

"పడక సరే. కానీ వంట ఎక్కడుంటే కాపురం అక్కడే అని రూలు."

వంటింట్లోంచి అతని తల్లి కేకేసింది. "నా పొయ్యి అంగుళం కూడా కదలదు! కావాలంటే వాణ్నే వండుకోమను!"

చేసేదేముంది? మంచం పక్కన స్టవ్ పెట్టాడు. రూలు ప్రకారం వారం రోజులు అతనే వండాలి. తల్లి వండింది కాదని ఆఫీసరు రుచి చూసి రాసుకోవాలి.

మొదటి ముద్దకే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏ తల్లీ ఇలా వండదు," అని గబగబా రాసేసుకుంది.

ఆదివారం జోరున వాన. తడిసి ముద్దయి వచ్చింది.

"ఇవాళ సెలవు కదండీ?"

"రూల్లో ఆదివారం అని లేదు," అంటూ మారు వడ్డించుకుంది. ఆ ఉప్పుకషాయాన్ని! అతని మనసు అప్పుడే చెయ్యి జారిపోయింది.

ఏడో రోజు ఆమె కాగితం బయటికి తీసింది. పెన్ను మాత్రం తీయలేదు.

"సంతకం పెట్టలేను."

అతను కూరగిన్నెలోకి తొంగిచూశాడు. "కూర మాడిందనా?"

"కాదు. 'ఈ ఉద్యోగికీ నాకూ ఎలాంటి సంబంధమూ లేదు' అని రాసివ్వాలి. అబద్ధం రాయడం నాకు చేతకాదు. రేపు వేరే ఆఫీసర్ని పంపిస్తారు."

"ఆయన్ని రానివ్వను. ఉద్యోగం పోయినా ఫర్లేదు, మీరు రావడం మానొద్దు," అనేశాడు. అన్నాక అతనికే చెమటలు పట్టాయి. ఆమె తల దించుకుని నవ్వింది.

అతని తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఉద్యోగం ఎందుకు పోతుందిరా? ఎదురింటి మేడ మీద రెండు గదులు ఖాళీ. రెండూ పూర్తిగా సిటీలోనే ఉన్నాయి. పెళ్లి చేసుకుని అక్కడ కాపురం పెట్టండి."

"అమ్మా! నీకీ గదుల సంగతి ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఈ పిల్ల మళ్లీ వచ్చేదా?"